ఇండీ పాప్‌లో కొత్తవీ మరుగున పడ్డవీ ఎక్కడ వెతుకుతున్నారు? (పాత క్యాసెట్‌లో పేరు తెలియని పాట ఒకటి ఉంది)

బ్రాడీపేట_బాబి
యాప్‌లో ఏది నొక్కినా తిప్పి తిప్పి అవే పాటలు. మూడేళ్లుగా ఇండీ పాప్ (పెద్ద కంపెనీలు లేకుండా చిన్న బ్యాండ్లు సొంతంగా చేసుకునే పాప్) వింటున్నా, మొదట్లో రోజుకో కొత్త బ్యాండ్ దొరికేది, ఇప్పుడు అదే నలభై పాటల్ని వరస మార్చి వినిపిస్తోంది. నాకు గిటార్లు గలగలా మోగుతూ, పాడేవాడు పక్కింటి కుర్రాడిలా పాడే బ్యాండ్లు కావాలి. పెద్దగా పేరు రానివైతే ఇంకా ఇష్టం. మీరంతా ఎక్కడ వెతుకుతున్నారో చెప్పండి.

అడగడానికి ఇంకో కారణం ఉంది. మా మేనమామ గుంటూరులో మెడిసిన్ చదివి, ఎనభైల్లో పై చదువుకి ఇంగ్లండ్ వెళ్లి నాలుగేళ్లు ఉండి వచ్చేశాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. పోయిన నెల ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకు పెట్టెలో, ఊలు స్వెట్టర్‌లో చుట్టిన పదకొండు క్యాసెట్లు దొరికాయి. పదింటిలో ఘంటసాల, పాత హిందీ. పదకొండోది టీడీకే కంపెనీ 90 నిమిషాల క్యాసెట్, దాని మీద నీలం ఇంకుతో 'పీల్, రాత్రి' అని మాత్రం రాసి ఉంది. ఎ సైడ్ నాలుగో పాట దగ్గర ఆగిపోయా. గిటార్ హుషారుగా ఎత్తుకుంటుంది, ఏదో పండగ పాట అనుకుంటాం. కాసేపటికే ఆ హుషారంతా దిగిపోతుంది. కింద బేస్ గిటార్ నడుస్తూ ఉంటుంది, దాని మీద ఒక అబ్బాయి చీకట్లో ఎవరినో లేపుతున్నట్టు పాడతాడు. పాట అయ్యాక ఒకాయన గొంతు సవరించుకుని ఏదో చెప్పబోతుంటే టక్కున ఆగిపోయింది. పేరు చెప్పేది అప్పుడే కదా. ఎంత బాధేసిందో.

ఎవరి పాటో ఎలా కనుక్కోవాలి?

రైల్‌పేట_రఫీ
పాట గుర్తుపట్టే యాప్ పెట్టి చూశావా?

బ్రాడీపేట_బాబి
పది సార్లు పెట్టా. దొరకలేదనే అంటోంది.

నాలుగుట్రాకులు
దొరకదు తమ్ముడూ. నీ ప్లేయర్ స్పీడ్ తేడా ఉండుంటుంది. పాత ప్లేయర్లలో మోటార్‌కి ఉండే రబ్బరు బెల్టు ఏళ్లు గడిచేసరికి సాగిపోతుంది, పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. ఆ యాప్‌లు అసలు స్పీడుకి దగ్గరగా ఉంటేనే పట్టుకుంటాయి. ఏలూరు రోడ్డులో ఇరవై ఏళ్లు టేప్‌రికార్డర్లు బాగుచేశాను కాబట్టి చెప్తున్నా, ముందు ఆ క్యాసెట్ ఇంకోసారి వేయకు. క్యాసెట్ మీది కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లగా బూజు కనిపిస్తోందా చూడు. ఉంటే అది ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది.

బ్రాడీపేట_బాబి
అంచున కొంచెం తెల్లగా ఉందన్నా. బియ్యప్పిండి చల్లినట్టు.

నాలుగుట్రాకులు
అదే బూజు. భయపడకు. క్యాసెట్‌కి మూలల్లో స్క్రూలు ఉంటే విప్పు. అతికించిన రకం అయితే జాగ్రత్తగా పగలగొట్టాలి, అది నువ్వు చేయకు, నా దగ్గరికి తీసుకురా. లోపల రెండు చుట్టలు ఉంటాయి, వాటిని అలాగే ఎత్తి మంచి ఖాళీ క్యాసెట్ డిప్పలో పెట్టు. టేపు మెలిక పడకూడదు. నడిమధ్య సన్నటి రాగి రేకు మీద గోరంత మెత్తటి ముక్క ఉంటుంది, అది టేపుని హెడ్‌కి ఒత్తిపెడుతుంది. అది ఊడిపోయిందంటే దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది పాట. మార్చాక ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ వెనక్కి తిప్పు, చుట్ట వదులవుతుంది. హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడువు. అప్పుడు వేసి, ఫోన్‌తో కాదు, వైరు పెట్టి కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకో. బూజు పట్టిన టేపు ఇంకెన్నిసార్లు పలుకుతుందో ఎవరికీ తెలియదు, అందుకని మొదటిసారే రికార్డు చేసుకోవాలి.

లెనిన్‌సెంటర్
'పీల్' అంటే ఎవరో తెలిసిపోయింది. జాన్ పీల్. బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో పోయేదాకా రాత్రిపూట పాటలు వేసేవాడు. ఊరూ పేరూ లేని కుర్రాళ్లు పోస్టులో పంపిన టేపులు విని, నచ్చితే దేశమంతటికీ వినిపించేవాడు. మీ మామయ్యలాంటి వాళ్లు వేలమంది రాత్రి రికార్డు బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. టేపు వృథా కాకూడదని మాట మొదలవగానే ఆపేసేవాళ్లు, నీ క్యాసెట్‌లో జరిగిందదే.

ఇక నీ మొదటి ప్రశ్న. బ్యాండ్ని వెతక్కు, కంపెనీని వెతుకు. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఇదొక్కటే. ఒక పాట నచ్చితే అది ఏ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చిందో చూసి, ఆ లేబుల్ వేసినవన్నీ వరసగా వింటా. చిన్న లేబుల్ అంటే ఇద్దరు ముగ్గురు మనుషుల చెవులు. వాళ్ల చెవులు నీకు నచ్చితే చాలు. బ్రిస్టల్‌లో సారా రికార్డ్స్ అని ఉండేది, క్లేర్ వాడ్, మాట్ హేన్స్ ఇద్దరే నడిపారు. 1987లో ద సీ అర్చిన్స్ పాటతో మొదలుపెట్టి 1995లో సరిగ్గా వందో నంబరు దగ్గర ఆపేశారు. ఎక్కువగా ఏడంగుళాల రికార్డులు, వాటితో పోస్టర్లు, చేత్తో చేసిన చిన్న పత్రికలు. ఆ పత్రికలకీ నంబరు వేసేవాళ్లు. యాభయ్యో నంబరు రికార్డే కాదు, ఇంట్లో ఆడుకునే బోర్డు గేము! ఆ రోజుల్లో ఇంగ్లండ్ సంగీత పత్రికల్లో చాలామంది ఈ బ్యాండ్లని మెతకగాళ్లని ఎగతాళి చేశారు. ద ఫీల్డ్ మైస్, హెవెన్లీ, ద ఆర్కిడ్స్, బ్లూబాయ్, బ్రైటర్, ఈ ఐదూ ఈ వారం విను. బ్లూబాయ్ ఒక్కటి విన్నా నా మాట నమ్ముతావు.

పటమట_పిల్ల
+1 బ్లూబాయ్. నేను రాత్రి బందరు కాలవ గట్టున బండి ఆపి విన్నా. వర్షం పడింది, కదలబుద్ధి కాలేదు.

బెజవాడ_బాసిస్ట్
లెనిన్‌సెంటర్ గారు చెప్పింది నిజమే గానీ మొదలుపెట్టేవాళ్లకి కంపెనీ కన్నా పలు బ్యాండ్ల పాటలు కలిపిన కలెక్షనే సులువు. 1986లో ఎన్ఎంఈ అనే ఇంగ్లండ్ సంగీత పత్రికవాళ్లు సీ86 అని ఒక క్యాసెట్ తెచ్చారు, 22 బ్యాండ్లు, బ్యాండ్‌కి ఒక పాట. ద పేస్టెల్స్, ద వెడ్డింగ్ ప్రెజెంట్, షాప్ అసిస్టెంట్స్, మెకార్తీ, ద బోడీన్స్ అందులో ఉన్నాయి. తర్వాత 'సీ86' అనేది ఒక తరహా సంగీతానికే పేరయిపోయింది. 2014లో ఇంకా చాలా పాటలు కలిపి 3 సీడీలుగా మళ్లీ వేశారు. అందులో మీకు ఒక్కపాటతో మాయమైపోయినవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. నేను బేస్ నేర్చుకున్నదే ఆ పాటలు వాయిస్తూ.

బ్రాడీపేట_బాబి
బాసిస్ట్ అన్నా, ఆ నాలుగో పాట కూడా సీ86లోదే అయ్యుండొచ్చా?

బెజవాడ_బాసిస్ట్
నువ్వు చెప్పినట్టు మొదట వెలుగు, తర్వాత చీకటి అయితే అందులో ఉన్నట్టు నాకు గుర్తులేదు. ఆ 22 నాకు కంఠతా వచ్చు.

క్యాసెట్_కృష్ణ
మీరు లేబుల్, కలెక్షన్ అంటున్నారు, నాకు ఇవన్నీ నేర్పింది గవర్నర్‌పేటలో రికార్డింగ్ సెంటర్ కుర్రాడు. తొంభైల్లో ఖాళీ క్యాసెట్ కొని, కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. నేను రాసిచ్చినవన్నీ సినిమా పాటలే. ఇంటికెళ్లి వింటే చివర్లో నేను అడగని పాట ఒకటి ఉంది. మర్నాడు వెళ్లి గొడవపెట్టుకున్నా, డబ్బులిచ్చింది నేను, నా టేపులో నీ పాటేంటని. 'చివర్లో నాలుగు నిమిషాలు మిగిలిందండి, ఖాళీగా ఇవ్వడం ఇష్టంలేక నాకు నచ్చింది ఎక్కించా' అన్నాడు. అది సిల్క్ రూట్ వాళ్ల బూందే ఆల్బమ్‌లోది, 1998. వేణువూ గిటారూ కలిపి అంత నెమ్మదిగా పాడొచ్చని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ప్రతిసారీ నేనే రెండు పాటలు తక్కువ రాసిచ్చేవాణ్ణి, మిగిలిన చోట నీకు నచ్చింది వెయ్యి అని. లక్కీ అలీ, యుఫోరియా, కలోనియల్ కజిన్స్ అన్నీ అలా వచ్చినవే. ఆ షాపు ఎప్పుడు మూతపడిందో కూడా చూసుకోలేదు. ఒకసారి వెళ్తే ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ కుర్రాడి పేరు అడగలేదు నేను ఎన్నడూ.

సత్యనారాయణపురం_శారద
కృష్ణ గారూ, ఆఖరి ముక్క చదివి మనసు అదోలా అయింది.

రైల్‌పేట_రఫీ
అన్నీ ఇంగ్లండ్, హిందీయేనా? మన దగ్గర ఎవరూ లేరా? నాకైతే ఈ చర్చ మొదట్నుంచీ అదే ప్రశ్న.

పటమట_పిల్ల
ఎందుకు లేరు? చౌరస్తా వినలేదా? తెలుగులో జానపదానికి జమైకా రెగే సంగీతం కలిపి హైదరాబాద్‌లో మొదలుపెట్టిన బ్యాండ్, ఊరెళ్లిపోతా మామా అని మన కాలేజీ బస్సుల్లో ఎన్నిసార్లు పాడలేదు? అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత జాతిరత్నాలులో చిట్టి పాడేసరికి అందరికీ తెలిశాడు గానీ, నాకు ఆ బ్యాండ్ పాటలే ఇష్టం. కాప్రీషియో అనే తెలుగు బ్యాండ్ కూడా ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే మన బెజవాడ అమ్మాయే స్మిత, 2000లో హాయ్ రబ్బా అని తెలుగు పాప్ ఆల్బమ్ తెచ్చింది. సినిమాతో సంబంధం లేకుండా తెలుగులో పాప్ క్యాసెట్ అమ్ముడుపోతుందని ఎవరు నమ్మారు అప్పుడు?

ఎండాకాలం_అను
స్మిత క్యాసెట్ మా అక్క దగ్గర ఉండేది. ఇన్‌లే కార్డు మడతలు చిరిగిపోతే సెలోటేప్ వేసి దాచింది.

బెజవాడ_బాసిస్ట్
స్మిత పాప్, సరే. ఇండీ మాత్రం కాదు. రెండూ ఒకటి కాదు.

పటమట_పిల్ల
ఎందుక్కాదు?

బెజవాడ_బాసిస్ట్
ఇండీ అంటే ఇండిపెండెంట్. పెద్ద కంపెనీ లేకుండా, సొంత డబ్బుతో, ఇంట్లోనో చిన్న స్టూడియోలోనో చేసుకున్నది. మంచి స్టూడియో, టీవీలో వీడియో ఉంటే అది పాప్.

సత్యనారాయణపురం_శారద
బాబూ, నాకు అరవై దాటాయి, నా మాట కూడా వినండి. మనకి ఇండిపెండెంట్ అంటే కంపెనీకి బయట కాదు, సినిమాకి బయట. తెలుగువాళ్ల పాట అంటే సినిమా పాటే అన్నట్టు అయిపోయింది కాబట్టి, సినిమా కాని ప్రతి పాటా మనకి సొంతంగా నిలబడ్డ పాటే. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారిలాంటివాళ్లు అక్కడ లలిత సంగీతం అని ఒక దారే వేశారు. 'ఈ మాసపు పాట' అని వచ్చేది. మా అమ్మ గోధుమరంగు అట్ట నోటుబుక్కులో రాసుకునేది, ఒక్క చరణం తప్పిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారా అని ఎదురుచూసేది. పాట రాసిందెవరు, కట్టిందెవరు, పాడిందెవరు, మూడు పేర్లూ రాసేది. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అందులో ఉన్న సగం పాటలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. మరుగున పడ్డవి అంటున్నారు కదా మీరు, ఇంతకన్నా మరుగున పడ్డవి ఏమున్నాయి?

బెజవాడ_బాసిస్ట్
శారద గారూ, ఆకాశవాణి ప్రభుత్వానిది కదండీ. అది ఇండిపెండెంట్ అంటే ఎలా ఒప్పుకుంటాం?

సత్యనారాయణపురం_శారద
జాన్ పీల్ వేసింది కూడా బీబీసీలోనేగా?

బెజవాడ_బాసిస్ట్
...సరే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

లెనిన్‌సెంటర్
శారద గారి మాటకి ఇంకోటి కలుపుతున్నా. మా తెలుగుతల్లికి మల్లెపూదండ శంకరంబాడి సుందరాచారి గారు దీనబంధు సినిమా కోసం రాస్తే వాళ్లు వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గారు పాడి ప్రైవేటు గ్రామఫోను రికార్డుగా వచ్చింది. సినిమా వద్దన్న పాట సినిమాల కన్నా ఎక్కువకాలం బతికింది. రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు కలిసి పాడిన ప్రైవేటు రికార్డులూ అంతే. అమ్మా, మీ నోటుబుక్కు పేజీలు ఫోటోలు తీసి ఉంచండి, దయచేసి.

సత్యనారాయణపురం_శారద
మనవడికి చెప్పాను. ఆదివారం తీస్తానన్నాడు.

తెనాలి_తంబూరా
మన దేశంలో మరుగున పడి తేలినవి చాలా ఉన్నాయి, ఎవరూ చెప్పట్లేదేంటి. కలకత్తాలో మొహీనేర్ ఘోడాగులి అని బ్యాండ్, 1975లో కట్టారు. బెంగాల్ జానపదమైన బాఉల్ పాటలూ జాజూ రాకూ కలిపి పాడితే ఆ రోజుల్లో జనం పట్టించుకోలేదు, మూడే రికార్డులు వేసి 1981లో విడిపోయారు. 1995లో గౌతమ్ చటోపాధ్యాయ కొత్త కుర్రాళ్లని కూడగట్టి కలకత్తా పుస్తకాల సంతలో క్యాసెట్ పెడితే అప్పుడు ఎగబడ్డారు. 2006లో గ్యాంగ్‌స్టర్ సినిమాలో భీగీ భీగీ అని ఊరూవాడా మోగిందే, ఆ వరస వీళ్ల క్యాసెట్లలోదే. నాకు ఆ సంగతి తెలిశాక అసలు పాట వెతుక్కుని విన్నా. తేడా మీరే వినండి.

అలాగే రూప అని. రూప బిశ్వాస్. 1981లో కెనడాలో అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు కాల్గరీలో డిస్కో జాజ్ అని ఆల్బమ్ రికార్డు చేసింది, సరోద్ వాయించింది ఆశిష్ ఖాన్. 1982లో మన దేశంలో విడుదలైంది, ఎవరూ వినలేదు. ఆవిడా పాట పక్కన పెట్టేసింది. తర్వాత ఎన్నో ఏళ్లకి యూట్యూబ్‌లో అందులోని ఆజ్ శనిబార్ అనే పాట జనం కంట పడింది, 2019లో అమెరికాలో న్యూమెరో గ్రూప్ అనే లేబుల్ మళ్లీ రికార్డు వేసింది. ఇది ఇండీ పాప్ కాదు, నాకు తెలుసు, బాసిస్ట్ మళ్లీ మొదలెట్టొద్దు. కానీ ఆ పాట శనివారం సాయంత్రం పెట్టుకుని చూడండి.

ఎండాకాలం_అను
యాప్‌ని అందరూ తిడుతున్నారు గానీ నాకు లాంప్ దొరికింది యాప్‌లోనే. జపాన్‌లో 2000లో మొదలైన బ్యాండ్, బ్రెజిల్ బోసానోవా సంగీతపు మెత్తదనం, ఇద్దరు మార్చి మార్చి పాడతారు. వాళ్ల పాత పాటలు ఇప్పుడు ప్రపంచమంతా వింటున్నారు. భాష ఒక్క ముక్క రాదు నాకు, పర్లేదు. అలాగే కొరియాలో బుసాన్ నుంచి సే స్యూ మీ. సముద్రం పక్క ఊరు బ్యాండ్ అని పాటలోనే తెలుస్తుంది. సింగపూర్ నుంచి సాబ్స్, ఇండోనేషియా యోగ్యకర్త నుంచి గర్ల్ గ్యాంగ్. నాకు ఆసియా బ్యాండ్లు వింటుంటే మన ఊళ్లో కూడా ఎవరో ఒక మేడమీద గదిలో ఇలాంటిది చేస్తుండాలి కదా అనిపిస్తుంది.

బ్రాడీపేట_బాబి
సాబ్స్ ఇప్పుడే పెట్టా. అక్కా, ఇది నేను అడిగినదే!

పటమట_పిల్ల
కొత్తవాటికి నా పద్ధతి చెప్తా. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఏదైనా ఆల్బమ్ నచ్చితే కింద చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి, ఆ ఆల్బమ్ కొన్నవాళ్లవి. ఒక్కోటి నొక్కితే వాళ్లు ఇంకా ఏమేం కొన్నారో కనిపిస్తుంది. డబ్బులు పెట్టి కొన్నవాడు ఊరికే నొక్కినవాడు కాదు కదా. నేను అలా ఎక్కడో మలేషియాలో ఉన్న ఒకతని కలెక్షన్ ఏడాదిగా వెంటపడి వింటున్నా, అతనికి నేనున్నానని కూడా తెలియదు. ఊరి పేరు కొట్టి వెతకొచ్చు కూడా. నచ్చితే ఒక పాటైనా కొనండి, చిన్న బ్యాండ్‌కి అది చాలా.

మన దేశంవి రెండు: ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2019లో తెచ్చిన బిస్మిల్లా, కలకత్తా బ్యాండ్ పారేఖ్ అండ్ సింగ్ 2016లో తెచ్చిన ఓషన్. రెండోది బాబి అడిగినదానికి దగ్గర.

రైల్‌పేట_రఫీ
ఆన్‌లైన్‌లో జనం కలిసి బ్యాండ్ని కనిపెట్టిన కథ ఏదో ఉంది కదా, డిస్క్ పాడైపోయి...

పటమట_పిల్ల
పాంచికో! అది చెప్పకపోతే ఎలా. నాటింగ్‌హామ్‌లో నలుగురు కుర్రాళ్లు 2000లో ఒక సీడీ చేసుకున్నారు, ముప్ఫై కాపీలే. ఎవరూ పట్టించుకోలేదు, విడిపోయారు. 2016లో ఎవరో ఆ ఊళ్లోనే పాత సామాన్ల దుకాణంలో ఒక కాపీ కొని నెట్‌లో పెట్టారు. డిస్క్ పాడైపోయి పాటంతా గరగర. ఆ గరగరతోనే వేలమంది ప్రేమించారు. ఎవరు వీళ్లని నాలుగేళ్లు వెతికి 2020లో బ్యాండ్ వాళ్లని పట్టుకున్నారు. వాళ్లకేమో తమ పాట ఎవరైనా విన్నారనే తెలియదు. మళ్లీ కలిసి ఇప్పుడు టూర్లు చేస్తున్నారు.

కాబట్టి బాబీ, నీ పాట దొరుకుతుంది. రికార్డు చేసి ఇక్కడ ఎక్కించు.

బ్రాడీపేట_బాబి
నాలుగుట్రాకులు అన్న ఇంటికి వెళ్లొచ్చా. గుంటూరు నుంచి ప్యాసింజర్‌లో, క్యాసెట్ చొక్కా జేబులో పెట్టుకుని. అన్న డిప్ప మార్చి, బెల్టు వేసి, హెడ్ తుడిచి వేస్తే ఆ పాట నేను విన్నదాని కన్నా వేగంగా ఉంది, శ్రుతి ఎక్కువగా ఉంది, వేరే పాటేమో అనిపించింది. గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినబడింది. అన్న వాళ్లావిడ పునుగులు పెట్టారు. డబ్బు తీసుకోలేదు. ఫైల్ ఇక్కడ పెట్టా, వినండి.

నాలుగుట్రాకులు
డబ్బు మాట మళ్లీ ఎత్తకు. ఎ సైడ్ ఒక్కటే రికార్డు చేశాం, బి సైడ్‌కి కరెంటు పోయింది.

మూడువంతెనలు
ఇన్నాళ్లూ చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. ఫైల్ ఐదు సెకన్లు వినగానే తెలిసిపోయింది. ద చిల్స్. పాట పింక్ ఫ్రాస్ట్. ఇంగ్లండ్ బ్యాండ్ కాదు, న్యూజీలాండ్, కింద దక్షిణాన చలి ఊరు డునెడిన్. నేను ఆక్లాండ్‌లో రెండేళ్లు చదువుకున్నా, నా రూమ్మేట్ ఆ ఊరివాడు, చలికాలం మొదలవగానే ఈ పాటే పెట్టేవాడు.

1982లో రికార్డు చేశారు, 1984లో విడుదలైంది, ఫ్లయింగ్ నన్ అనే లేబుల్. లెనిన్‌సెంటర్ గారు చెప్పిన కంపెనీ సూత్రం దీనికి బాగా సరిపోతుంది. రోజర్ షెపర్డ్ అని క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపులో పనిచేసేవాడు 1981లో మొదలుపెట్టాడు. ద క్లీన్ అనే బ్యాండ్ టాలీ హో పాట 60 డాలర్లతో రికార్డు చేస్తే అది దేశంలో మొదటి ఇరవై పాటల్లోకి వెళ్లింది. తర్వాత చాలా బ్యాండ్లు క్రిస్ నాక్స్ అనే అతని నాలుగు ట్రాకుల టేపు మెషీన్ మీదే రికార్డు చేసుకున్నాయి. (నాలుగుట్రాకులు గారూ, మీ పేరు చూసి ముందు మీరే చెప్తారనుకున్నా.) ద బ్యాట్స్, ద వెర్లెయిన్స్ కూడా వినండి. చిల్స్ పాటల్ని 1986లో ఇంగ్లండ్‌లో కెలైడోస్కోప్ వరల్డ్ పేరుతో కలిపి వేశారు, పీల్ కూడా వాళ్లని తన ప్రోగ్రాంకి పిలిచి పాడించాడు. మీ మామయ్య చెవిన పడింది అందుకే.

ఇంకొక సంగతి. ఈ పాటలో డ్రమ్స్ వాయించిన మార్టిన్ బుల్ పాట బయటికి రాకముందే 1983లో లుకేమియాతో పోయాడు. రికార్డుని అతనికే అంకితమిచ్చారు. పోయేముందు తన లెదర్ జాకెట్‌ని పాడే అబ్బాయి మార్టిన్ ఫిలిప్స్‌కి ఇచ్చాడు. ఫిలిప్స్ ఆ జాకెట్ మీదే 1986లో ఒక పాట చేశాడు, చాలా హుషారైన పాట. ఏడుపు పాట చేయలేదు. ఫిలిప్స్ కూడా 2024 జులైలో పోయాడు, 61 ఏళ్లు.

బెజవాడ_బాసిస్ట్
ఇన్నేళ్లు ఇంగ్లండ్ మ్యాపే వెతికా నేను. ఆ బేస్ లైను ఇప్పుడే వాయించి చూశా, నాలుగు స్వరాల కన్నా పెద్దగా ఏమీ కదలదు, కానీ ఎక్కడ ఆపుతున్నాడో వినండి.

లెనిన్‌సెంటర్
మూడువంతెనలు, మీరు ఇకమీదట రాయాలి. చదివి ఊరుకోవడం కుదరదు.

క్యాసెట్_కృష్ణ
గుంటూరు డాక్టరు, ఇంగ్లండ్ రేడియో, న్యూజీలాండ్ బ్యాండ్, బ్రాడీపేట అటక. ఎంత దూరం తిరిగొచ్చింది పాట.

బ్రాడీపేట_బాబి
దొరికింది. పూర్తి పాట నాలుగుసార్లు విన్నా, మూడోసారి అమ్మని పిలిచి వినిపించా. అమ్మకి ఇంగ్లీషు పాటలు అలవాటు లేదు, అయినా మొదట్లో ఆ హుషారు ముక్క రాగానే 'వీడు డాబా మీద ఈలవేసేది ఇదే' అంది. మామయ్య ఎండాకాలం రాత్రుళ్లు డాబా మీద మంచాలకి నీళ్లు చల్లుతూ ఈలవేసేవాడట. ఆ మొదటి ముక్క వరకే, తర్వాతది ఎప్పుడూ వేయలేదట.

జాకెట్ సంగతి చదివాక లేచి వెళ్లి ఆ స్వెట్టర్ తీశా. మన ఎండలకి ఎందుకది, పాత బట్టలవాడికి ఇచ్చేద్దాం అన్నారు ఇంట్లో. ఉతికించి నా బీరువాలో పెట్టా.

సత్యనారాయణపురం_శారద
కలరా ఉండలు వేసి పెట్టు నాయనా, ఊలుకి పురుగు పడుతుంది. మీ అమ్మగారు చెప్పిన ఆ ఈల సంగతి ఎక్కడైనా రాసి పెట్టుకో.

ఎండాకాలం_అను
శారద గారి నోటుబుక్కు ఫోటోలు వచ్చాయా?

సత్యనారాయణపురం_శారద
వచ్చాయి, యాభై రెండు పేజీలు. ఒక పాటకి కట్టినవారి పేరు చెరిగిపోయింది, తడి తగిలినట్టుంది. వేరే చర్చలో పెడుతున్నా. వరస నాకు గుర్తుంది, పాడి రికార్డు చేసి పెట్టమంటే పెడతాను. ఎవరికైనా తెలుస్తుందేమో.

తెనాలి_తంబూరా
పెట్టండమ్మా. మా నాన్నగారు రేడియోలో తంబూరా వేశారు, ఆయన ఉన్నారు, ఎనభై ఎనిమిది. వినిపిస్తా.

నాలుగుట్రాకులు
బాబీ, బి సైడ్ ఇవాళ రికార్డు చేశా. ఏడు పాటలు. ఆరు చక్కగా ఉన్నాయి, రెండోదాని మధ్యలో టేపు నలిగింది, కొంచెం తడబడుతుంది.

బ్రాడీపేట_బాబి
విన్నా అన్నా. మూడోది అమ్మాయి గొంతు, పక్కన డ్రమ్స్ లేవు, ఏదో మెషీన్ టిక్కుటిక్కు అంటోంది. ఫైల్ ఎక్కించా. సెల్ఫోన్ స్పీకర్లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎవరిదో చెప్పండి.

బెజవాడ_బాసిస్ట్
ఆగు, బేస్ తీసుకొస్తున్నా.